శాన్ క్రిస్టోబల్ వెళ్లే ముందు ఇవి చూస్కోండి

మెక్సికోలో చియాపాస్ వైపు శాన్ క్రిస్టోబల్ దె లాస్ కాసస్, 1528లో స్పానిష్ వాళ్లు కట్టిన ఊరు, చుట్టూ అంతా మాయా అనే అక్కడి ఆదివాసీల పల్లెలే.

- సుమారు 2,200 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు బాగా చలి, స్వెటర్ తప్పనిసరి.

- కుళాయి నీళ్లు తాగొద్దు.

- దగ్గర్లోని చాములా అనే మాయా పల్లెలో చర్చి లోపల ఫోటోలు పూర్తిగా నిషేధం, ఫోన్ బయటికే తీయకండి. బెంచీలుండవు, నేలంతా పచ్చటి పైన్ ఆకులు, అక్కడే వరసగా కొవ్వొత్తులు వెలిగించుకుని కుటుంబాలు కూర్చుని మొక్కుకుంటుంటాయి, చున్నీ అంటుకోకుండా చూస్కోండి, మన గుడిలో ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి ప్లీజ్.

- పల్లెల్లో అడక్కుండా ఎవర్నీ ఫోటో తీయొద్దు, పిల్లల్నైతే అసలొద్దు.

- పెసోలు (మెక్సికో డబ్బు) చిల్లరగా ఉంచుకోండి. శాంతో దొమింగో చర్చి దగ్గర చేనేత బట్టలకి మరీ గీసి గీసి బేరమాడకండి, అది వాళ్ల చేతి కష్టం.