బీఎస్సీ నర్సింగ్ కాలేజీని ఎంచుకునేటప్పుడు ముందుగా వార్డులు చూడండి

నర్సింగ్ కాలేజీని చూడడానికి వెళ్లినవారు ప్రిన్సిపాల్ గదిలోకి అడుగుపెట్టకముందే ఆ కాలేజీకి చెందిన ఆసుపత్రి ఓపీ దగ్గర, ఏదైనా పనిరోజున ఉదయం 10 గంటల వేళ, ఒక గంటసేపు కూర్చోవాలని నేను చెబుతుంటాను. చీటీల కోసం జనం వరుసలో ఉన్నారా, వార్డుల్లో మంచాల మీద రోగులు ఉన్నారా, యూనిఫాంలో ఉన్న విద్యార్థులు రోగి పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నారా, లేక ఒక మూల కూర్చుని రికార్డులు రాసుకుంటున్నారా అన్నది ఆ గంటలోనే చాలావరకు తెలిసిపోతుంది. నర్సింగ్ చదువులో పెద్ద భాగం వార్డులోనే సాగుతుంది కనుక, కాలేజీ విలువ దాని ఆసుపత్రి విలువను మించి ఉండదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను వార్డు బాధ్యత చూస్తున్న రోజుల్లో మంచి మార్కులతో పాసై వచ్చిన ఒక అమ్మాయి మొదటి వారం రోగి నరంలోకి మందు ఎక్కించే క్యాన్యులా గొట్టం పెట్టలేక చేతులు వణుకుతూ నిలబడిపోయింది. ఆమె చదివిన కాలేజీ ఆసుపత్రిలో తనిఖీ రోజున తప్ప మంచాలు నిండేవి కావని, నాలుగేళ్లలో తాను చూసిన కాన్పులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని తర్వాత చెప్పింది. తెలివైన పిల్ల కాబట్టి ఆరు నెలల్లో పని నేర్చుకుంది కానీ, లక్షలు కట్టించుకున్న కాలేజీ నేర్పవలసినదాన్ని భయపడుతూ, మాటలు పడుతూ నేర్చుకోవలసి వచ్చింది.

కాబట్టి మంచాల లెక్క దగ్గర మొహమాటపడకండి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, పడకల్లో కనీసం 75 శాతం నిండి ఉండాలని, వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులైనా ఉండాలని, ప్రతి పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతాయి. వీటిని కలిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 100 పడకల్లో 75 మంది రోగులుంటే ఒక సమయంలో 25 మంది విద్యార్థులకు మాత్రమే సరైన పని దొరుకుతుంది. ఏటా 60 మందిని చేర్చుకునే కాలేజీలో నాలుగు సంవత్సరాలవారూ కలిసి 240 మంది అవుతారు కనుక, మిగిలినవారు ఎక్కడ నేర్చుకుంటున్నారని అడగవలసిందే. సాధారణంగా ప్రభుత్వ బోధనాసుపత్రి పేరు చెబుతారు. విశాఖ కేజీహెచ్, వరంగల్ ఎంజీఎం, సికింద్రాబాద్ గాంధీ వంటి చోట్ల రోగులకు కొదవ ఉండదు. అయితే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి అనేక కాలేజీల విద్యార్థులు వస్తారు కనుక, మీరు చూస్తున్న కాలేజీకి అక్కడ ఏయే వార్డుల్లో, ఎన్ని వారాలు పోస్టింగ్ ఉంటుందో, వెంట ట్యూటర్ వస్తారో లేదో కనుక్కోవాలి. ట్యూటర్ లేకుండా పంపిన పోస్టింగ్‌లో విద్యార్థి నేర్చుకునేది తక్కువ, నిలబడి చూసేది ఎక్కువ.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఉంది. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు విద్యార్థులను జీతం లేని సిబ్బందిగా వాడుకుంటాయి. రెండో సంవత్సరం పిల్లలకు వరుసగా రాత్రి డ్యూటీలు వేసి మర్నాడు తరగతికి రమ్మంటున్నారంటే, అది శిక్షణ అనిపించుకోదు. ఇలాంటివి కరపత్రంలో కనిపించవు. హాస్టల్ గేటు దగ్గరో, కాలేజీ బస్సు దగ్గరో మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులను కలిసి, నిరుడు ఎన్ని కాన్పుల్లో పాల్గొన్నారు, ఐసీయూలో ఎన్ని వారాలు ఉన్నారు, మానసిక వైద్యం పోస్టింగ్‌కు ఎక్కడికి తీసుకెళ్లారు, చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో సంతకం పని చూసి పెడతారా లేక చివర్లో ఒకేసారి పెడతారా అని నెమ్మదిగా అడగండి. ఆ పిల్లలు చెప్పే జవాబులకు నేను ఏ ర్యాంకింగ్‌కూ ఇవ్వనంత విలువ ఇస్తాను.

గుర్తింపు పరిశీలన కష్టమైన పని కాదు కానీ, తప్పనిసరిగా చేయవలసిన పని. ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉందా, లేక ప్రైవేటు విశ్వవిద్యాలయం కింద ఉందా చూసుకోవాలి. ఆ తర్వాత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో పేరు, మంజూరైన సీట్ల సంఖ్య చూడాలి. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది కనుక నియంత్రణ సంస్థ పేరు మారవచ్చు గానీ, మీరు చేరే విద్యా సంవత్సరపు జాబితానే చూడాలన్న నియమం మారదు. బెంగళూరు కాలేజీల్లో చేరే మన పిల్లలు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే వారు మొదట కర్ణాటక కౌన్సిల్‌లో నమోదై, తర్వాత మన రాష్ట్రంలో పనిచేయాలంటే ఇక్కడి కౌన్సిల్‌లోనూ నమోదు చేయించుకోవాలి. జాబితాలో లేని కాలేజీ పట్టాతో ఆ మెట్టు దగ్గర చిక్కులు వస్తాయి.

2021లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఈ కోర్సు 8 సెమెస్టర్లుగా సాగుతుంది. సిమ్యులేషన్ ల్యాబ్‌లో బొమ్మల మీద సాధన చేయడం అందులో భాగం. చివరి సెమెస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. థియరీకి 80 శాతం హాజరు చాలు గానీ, పట్టా చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం హాజరు పూర్తిచేయాలి. అందుకే, రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షల ముందు వస్తే చాలు అని ఏ ఏజెంటయినా చెబితే, ఆ కాలేజీని అక్కడితో వదిలేయండి. అలా పుచ్చుకున్న పట్టా వల్ల రేపు ఒక రోగి ప్రాణం మీదికి రావచ్చు. విదేశాలకు వెళ్లేటప్పుడు కూడా దాని లోపం బయటపడుతుంది, ఎందుకంటే అక్కడి సంస్థలు ఏ సబ్జెక్టులో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ శిక్షణ పొందారో కాలేజీ నుంచి నేరుగా తెప్పించుకుంటాయి.

ఇక ఉద్యోగాలు. ప్రభుత్వ రంగంలో అందరూ ఆశపడేది ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టు. దీనికి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష రాయాలి. ఏడో పే లెవెల్‌లో మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివినవారికి ఇక్కడ కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. బీఎస్సీవారికి ఆ షరతు లేకపోవడం నాలుగేళ్ల చదువుకు ఉన్న ఒక స్పష్టమైన లాభం. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి నర్సింగ్ ఆఫీసర్లను నియమిస్తుంది. రైల్వే, ఈఎస్ఐ ఆసుపత్రుల నోటిఫికేషన్లు వేరుగా వస్తాయి. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలను నడిపే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ) పోస్టులకు కూడా బీఎస్సీ నర్సింగ్ వారిని తీసుకుంటున్నారు. ఊరివాళ్ల బీపీ, షుగరు, గర్భిణుల బాగోగులు స్వయంగా చూసుకునే ఈ పనికి మన ఇళ్లలో దక్కుతున్న గౌరవం చాలదని నా అభిప్రాయం.

ప్రైవేటు ఆసుపత్రుల జీతాల విషయంలో పిల్లలకు ముందే నిజం చెప్పాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకలలోపు చిన్న ఆసుపత్రుల్లో కూడా అది 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఆచరణలో చాలా ఆసుపత్రులు అంత ఇవ్వడం లేదు. అందువల్ల కాలేజీవారు నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నప్పుడు, ఏ ఆసుపత్రిలో, ఎంత జీతానికి, ఎన్నేళ్ల బాండు మీద అని అడిగి, నిరుడు పాసైన ఇద్దరు ముగ్గురితో ఫోన్లో మాట్లాడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగి ఇస్తారో, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ భారం ఎవరి మీద పడుతుందో చేరకముందే రాతపూర్వకంగా అడగండి. చదువు ముగిశాక మెమోల కోసం తిరిగే పిల్లలను చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

విదేశాల ఆలోచన ఉన్నవారు భాషను మొదటి సంవత్సరం నుంచే పట్టించుకోవాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఉంది, దాన్ని హైదరాబాద్‌లోనే రాయవచ్చు. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో రైటింగ్‌కు 6.5, మిగిలినవాటిలో 7 రావాలి, లేదా వైద్యరంగంవారి ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ గట్టెక్కాలి. ఆపైన కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ అవసరమవుతుంది, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇందుకు శిక్షణ ఇప్పిస్తోంది. గల్ఫ్‌కు వెళ్లేవారికి ప్రోమెట్రిక్ అనే కంప్యూటర్ లైసెన్సు పరీక్షతోపాటు, సర్టిఫికెట్లు నిజమైనవేనా అని చూసే డేటాఫ్లో పరిశీలన ఉంటుంది. వీటిలో చాలావాటికి వార్డు అనుభవం కూడా అడుగుతారు కనుక, పట్టా రాగానే విమానం ఎక్కిస్తామనేవారిని నమ్మకండి. రిక్రూటింగ్ ఏజెంటు లైసెన్సును కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకు మించి అడిగితే రసీదు ఇవ్వమనండి.