లాంగ్ బెల్ ఎవరు కొట్టాలి: పాఠశాలలో అత్యవసర ఏర్పాట్లను సరిదిద్దుకునే విధానం

చాలా ఉన్నత పాఠశాలల బీరువాలో భద్రతా ప్రణాళిక పేరుతో ఒక ఫైలు ఉంటుంది. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, భవనం పటం అందులో ఉంటాయి. తనిఖీకి వచ్చినవారు చూసి సంతకం చేయడానికి అవి చాలు. అయితే ప్రధానోపాధ్యాయులు మండల సమావేశానికి వెళ్లిన రోజున వంటషెడ్డులో మంట లేస్తే గంట కొట్టవలసింది ఎవరు, మేడమీది తరగతుల పిల్లలు ఏ మెట్ల మీదుగా దిగాలి, దిగినవారిని లెక్కించి ఎవరికి చెప్పాలి అనే ప్రశ్నలకు ఆ ఫైలు జవాబు చెప్పదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక అంతస్తు మేడ, కొన్ని వందల మంది పిల్లలు ఉన్న ఒక సాధారణ ఉన్నత పాఠశాలను దృష్టిలో పెట్టుకొని, ఉన్న ఏర్పాట్లను పెద్ద ఖర్చు లేకుండా ఎలా మెరుగుపరచుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి పని నమూనా పత్రం నింపడం కాదు, పాఠశాల అంతా ఒకసారి నడిచి చూడడం. ప్రధానోపాధ్యాయులు, వ్యాయామోపాధ్యాయులు, వంట కార్మికుల్లో ఒకరు, తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి తిరగాలి. పిల్లలను తప్పనిసరిగా వెంటబెట్టుకోవాలి. ఏ తలుపు గడియ బిగుసుకుపోతుందో, ఏ మెట్ల దగ్గర తోపులాట జరుగుతుందో, గోడకు ఎక్కడ ఎక్కి దూకవచ్చో ఉపాధ్యాయుల కంటే వారికే బాగా తెలుసు. మెట్ల మొదట్లో ఉన్న గ్రిల్ గేటుకు తాళం వేసి ఉందా, ఉంటే తాళంచెవి ఎవరి జేబులో ఉంది, మెట్ల కింద విరిగిన బెంచీలు పేర్చారా, వెనక గేటుకు అడ్డంగా సైకిళ్లు నిలుపుతున్నారా, మెయిన్ స్విచ్ ఉన్న గదికి బడి వేళల్లో తాళం ఉంటుందా అన్నవి ముందుగా చూడాలి. ఇందులో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం ఆ సాయంత్రమే, రూపాయి ఖర్చు లేకుండా తొలగించగలిగినవే. గ్రిల్ గేట్ల తాళాలు తరగతులు జరిగే వేళలో తీసి ఉండాలన్న నియమం ఒక్కటి అమలైనా ప్రణాళికలో ముఖ్యమైన భాగం పూర్తయినట్లే.

ఏ ప్రమాదాలకు సిద్ధపడాలో నిర్ణయించుకునేటప్పుడు ప్రపంచంలోని విపత్తులన్నీ రాసుకోనక్కరలేదు. వంటషెడ్డు మంటలు, విద్యుత్ షార్ట్ సర్క్యూట్, కలుషిత భోజనం, పిడుగులు, పాముకాటు అన్ని చోట్లా ఉన్నవే. తీరప్రాంతంలో తుపాను, నదీతీర మండలాల్లో వరద వాటికి తోడవుతాయి. భూకంపం మన ప్రాంతపు సమస్య కాదని కొట్టిపారేయకూడదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5కు మించిన తీవ్రతతోనే భూమి కంపించింది.

వంటషెడ్డును మొదట చెప్పడానికి కారణం ఉంది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాల వంటశాలలో పుట్టిన మంట తాటాకు కప్పుకు అంటుకొని పైఅంతస్తు తరగతులకు పాకింది. 94 మంది పిల్లలు చనిపోయారు. బయటకు దారి ఇరుకు. ఆ ఘటన దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో దేశంలోని అన్ని పాఠశాలలకూ అగ్నిమాపక ఏర్పాట్లు, సిబ్బందికి శిక్షణ తప్పనిసరి చేస్తూ తీర్పునిచ్చింది. కాబట్టి గ్యాస్ బండలు నిటారుగా, గాలి ఆడే చోట ఉండాలి. అదనపు బండను పొయ్యి పక్కన పెట్టకూడదు. కట్టెలు వాడే చోట వాటిని తరగతి గోడకు ఆనించి పేర్చకూడదు. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవాలి తప్ప ఏ స్విచ్చునూ వేయకూడదు, ఆపకూడదు. మరిగే నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా పొయ్యి ఆపి, గిన్నెపై లోహపు మూత వేయాలని వంట కార్మికులకు చేసి చూపించాలి. వారిని శిక్షణకు పిలవడం చాలా పాఠశాలల్లో మరచిపోతారు, మంటకు అందరికంటే దగ్గరగా ఉండేది వారే అయినా.

ఆహారం విషయంలో బీహార్‌లోని గండామన్ గ్రామ పాఠశాలను గుర్తుంచుకోవాలి. 2013 జూలైలో అక్కడ పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. రిజిస్టరులో సంతకం చేసి తరవాత తినడం రుచి చూడడం కాదు. పురుగుమందు డబ్బాలు, ఫినాయిల్, బ్లీచింగ్ పొడి వంట సరుకుల గదిలో ఉండనే కూడదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఎక్కువ పాఠశాలల ప్రణాళికల్లో లోపించేది పరికరం కాదు, నిర్ణయాధికారం. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం తరవాత ఇషినోమాకి నగర పరిధిలోని ఒకావా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు పిల్లలను క్రమశిక్షణతో మైదానంలోకి తీసుకువచ్చారు గాని, అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక దాదాపు 50 నిమిషాలు అక్కడే ఉంచారు. బడి వెనకే కొండ ఉంది. సునామీలో 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆ పాఠశాల ప్రణాళికలో రెండో ఆశ్రయంగా రాసి ఉన్నది దగ్గరలోని ఖాళీ స్థలమో, ఉద్యానవనమో అన్నంత అస్పష్టమైన మాట. విపత్తులకు ఎంతో సిద్ధంగా ఉండే దేశంలోనే ఇలా జరిగిందంటే, మన ఫైళ్లలోని ‘సురక్షిత ప్రదేశానికి తరలించవలెను’ అన్న వాక్యం ఎంత పనికిరానిదో ఊహించవచ్చు. ఆ వాక్యం కొట్టివేసి, స్థలం పేరు రాయాలి: మొదట మైదానంలో వాలీబాల్ కోర్టు, అక్కడ నిలవలేకపోతే ఫలానా వీధి మీదుగా పంచాయతీ కార్యాలయ ఆవరణ.

అదేవిధంగా, ప్రమాద గంట కొట్టే అధికారం పాఠశాలలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, అంటే ఉపాధ్యాయులకు, అటెండరుకు, ఆయాకు, వంట కార్మికులకు, ఎవరి అనుమతీ అడగకుండా ఉండాలి. మంట చూసిన మనిషి ఆఫీసు గదికి వెళ్లి, అయ్యవారు ఎక్కడున్నారని వాకబు చేసి, ఆయన వచ్చి చూసే లోపల విలువైన నిమిషాలు గడిచిపోతాయి. పొరపాటున కొట్టినవారిని మందలించబోమని సిబ్బంది సమావేశంలో స్పష్టంగా చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. గంట మోగిన తరవాత బాధ్యత తీసుకునేది ప్రధానోపాధ్యాయులు. వారు లేని రోజున ఇన్‌ఛార్జి. ఇద్దరూ లేకపోతే ఎవరో పేరుతో సహా స్టాఫ్‌రూము బోర్డు మీద ఆ ఉదయమే రాసి ఉండాలి.

సంకేతాలు రెండే ఉండడం మంచిది. ఆగకుండా మోగే లాంగ్ బెల్ అంటే బయటకు రావడం. మూడేసి దెబ్బలుగా ఆగి ఆగి మోగితే లోపలే ఉండి తలుపులు, కిటికీలు మూసుకోవడం. పిడుగులు పడుతున్నప్పుడు, తేనెటీగలు రేగినప్పుడు, దగ్గరలోని కర్మాగారం నుంచి విషవాయువు వెలువడినప్పుడు పిల్లలను మైదానంలోకి తేవడమే ప్రమాదం కాబట్టి ఈ రెండో సంకేతం అవసరం. భూకంపానికి గంట కోసం ఎదురుచూడనక్కరలేదు. కంపిస్తున్నంతసేపు బెంచీ కింద తల దాచుకొని దాని కాలు పట్టుకోవాలి, ఆగాక బయటకు రావాలి. కరెంటు గంట మీద ఆధారపడకూడదు, ఎందుకంటే షార్ట్ సర్క్యూట్ జరిగినప్పుడు మొదట ఆపేది కరెంటునే. వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క, పక్కనే కట్టిన ఇనుప కడ్డీ ఉంటే చాలు.

బయటకు వచ్చాక లెక్క తప్పడం దాదాపు ప్రతి మాక్ డ్రిల్‌లోనూ జరుగుతుంది. ఉదయం హాజరుపట్టీలో ఉన్న సంఖ్య మధ్యాహ్నానికి నిజం కాదు: ఒకరు కడుపునొప్పి అని ఇంటికి వెళ్లి ఉంటారు, ఇద్దరు మరుగుదొడ్డిలో ఉంటారు, ఒకరిని ఉపాధ్యాయులే సుద్దముక్కల కోసం ఆఫీసుకు పంపి ఉంటారు. అందువల్ల మధ్యలో వెళ్లినవారి పేర్లు గేటు దగ్గర పుస్తకంలో రాయించి, మధ్యాహ్నం హాజరు విడిగా తీసుకోవాలి. ఆ పీరియడులో పాఠం చెబుతున్నవారే పట్టీ తీసుకొని చివరగా గది విడిచి, మైదానంలో లెక్కపెట్టి, ఉన్నవారి సంఖ్య, లేనివారి పేర్లు బాధ్యుడికి చెప్పాలి. ఉపాధ్యాయులు సెలవులో ఉన్న తరగతిని పక్క తరగతివారు కలుపుకోవాలి. లేనివారి కోసం విద్యార్థులను గాని, నాయకులను గాని తిరిగి లోపలికి పంపకూడదు. నడవలేని లేదా చూపు, వినికిడి లోపం ఉన్న పిల్లలకు తోడుగా ఇద్దరిని నియమించడం మంచిదే గాని, ఆ తరగతిని కింది అంతస్తుకు మార్చడం అంతకంటే సులువు, నమ్మకమైనది.

మంటలార్పే సిలిండర్ల విషయంలో కొనడం కంటే చూసుకోవడం కష్టం. మీటరు ముల్లు పచ్చ రంగు భాగంలో ఉందో లేదో నెలకోసారి ఒకరు చూసి పక్కనున్న చీటీ మీద తేదీ వేయాలి. వాడే పద్ధతి నాలుగు కదలికలు: పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలు వైపు తిప్పి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. సిలిండరులో పొడి నిమిషంలోపే అయిపోతుంది కనుక, మంట చిన్నదై, వెనక తప్పుకునే దారి ఉన్నప్పుడే ప్రయత్నించాలి. దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి లేఖ రాస్తే సిబ్బంది వచ్చి చేసి చూపిస్తారు. ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో వారు ఎలాగూ వస్తారు గాని, అప్పటికి మనకు విద్యాసంవత్సరం ముగింపుకు వస్తుంది. కొత్త పిల్లలు చేరే జూన్, జూలైలలోనే పిలవడం ప్రయోజనకరం.

పాముకాటుకు కోయడం, పీల్చడం, గట్టిగా కట్టుకట్టడం చేయకుండా, బిడ్డను కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కొని గోడమీద రాసి ఉంచాలి. ఉరుము వినబడగానే చెట్టు కింద భోజనం చేస్తున్న పిల్లలను లోపలికి పిలిచి, చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటకు వదలకూడదు. పాత ప్రహరీ పక్కన, ముఖ్యంగా పెద్ద వాన తరవాత, వరుసలు నిలబెట్టకూడదు.

సహాయానికి ఫోన్ చేసే పని ఇద్దరికి అప్పగించాలి. 112, 108, 101 నంబర్లు అందరికీ తెలుసు. తెలియనిది ఏం చెప్పాలన్నదే. ఊరు, మండలం, బడికి వచ్చే దారిలోని గుర్తు, ఏం జరిగింది, ఎంతమంది గాయపడ్డారు అన్న ఐదు విషయాలను ఫోన్ పక్కన అట్టమీద రాసి పెట్టాలి. వాహనం లోపలికి రావడానికి ఒకరు గేటు దగ్గర నిలబడాలి, ఎందుకంటే అప్పటికే తల్లిదండ్రులు అక్కడ గుమిగూడి ఉంటారు. పిల్లలను ఎవరు అడిగితే వారికి అప్పగించకుండా, తరగతి ఉపాధ్యాయులు గుర్తించిన పెద్దలకే సంతకం తీసుకొని పంపాలి.

మాక్ డ్రిల్ మొదటిసారి ముందుగా చెప్పి, రెండోసారి చెప్పకుండా, మూడోసారి భోజన విరామంలో చేయాలి. గంట మోగినప్పటి నుంచి చివరి తరగతి లెక్క అందేదాకా పట్టిన సమయాన్ని, ఎక్కడ ఆగిపోయారో, ఎవరు తప్పిపోయారో అదే రోజు రాయాలి. ఫోటోలు తీసి పంపడంతో డ్రిల్ ముగించే అలవాటు వల్ల మనకు తెలియవలసిన లోపాలు తెలియకుండా పోతున్నాయి. అంతా సజావుగా జరిగిందని రాసిన నివేదికను నేనైతే నమ్మను. దొరికిన ప్రతి లోపానికి ఒక పేరు, ఒక తేదీ వేసి, వచ్చే డ్రిల్‌కు ముందు సరిచూడాలి. ఉపాధ్యాయుల బదిలీలు జరిగినప్పుడు ఈ పేర్లన్నీ ఒక్కసారిగా పాతబడతాయి కాబట్టి, కొత్తవారు చేరిన వారంలోనే జాబితా తిరగరాసి, వారితో ఒకసారి మెట్లు దిగించి, లాంగ్ బెల్ ఎక్కడుందో చూపించాలి.