4500 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్‌లో హోరు: ఇన్‌టేక్ పైపుకు పక్క గొట్టం

నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సరిగ్గా 4500 దగ్గర చెవులు దిమ్మెక్కే హోరు, అది దాటితే మామూలే. డ్యాంపింగ్ షీట్లు, బానెట్ ఫోమ్, కొత్త ఇంజన్ మౌంట్లు ఏవీ పనిచేయలేదు. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీకి పల్చటి ఫోమ్ అడ్డే కాదు.

ముందు డైనో (కారును నిలిపి ఉంచి ఇంజన్‌ను లోడ్‌తో నడిపే యంత్రం) మీద, గాలి పీల్చే పైపు (ఇన్‌టేక్) మూతికి పెద్ద సైలెన్సర్ తగిలించి చూశాం. హోరు పోయింది, అంటే ఇన్‌టేక్‌దే.

ఇంజన్ ఇరుసు (క్రాంక్) ఒక చుట్టుకు రెండు ఫైరింగ్‌లు, 4500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 75 చుట్లు, కాబట్టి 150 హెర్ట్జ్. 45 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 358 మీటర్లు. పక్క గొట్టం పొడవు ధ్వని అలలో నాలుగో వంతు ఉంటే, మూసిన కొస నుంచి తిరిగొచ్చే అల హోరును రద్దు చేస్తుంది; అందుకే వేగాన్ని 150కి నాలుగు రెట్లు, అంటే 600తో భాగిస్తే దాదాపు 60 సెంటీమీటర్లు. ఆ పొడవు గొట్టాన్ని గాలి ఫిల్టర్‌కు ముందే టీ (T ఆకారపు జాయింట్) వేసి కలిపి, మూసిన కొసలో జరిగే బిరడా పెట్టాం. డ్రైవర్ చెవి దగ్గర మైక్ ఉంచి, సెంటీమీటర్ చొప్పున జరిపితే 58 దగ్గర కుదిరింది. టీ ఎక్కడన్నదే అసలు సంగతి: పైపు మూతి దగ్గర పీడనం పెద్దగా ఊగదు, అక్కడ పెడితే దండగ. ఫిల్టర్ బాక్స్ వైపు జరిపాకే పట్టింది.

4500కు అటూ ఇటూ రెండు చిన్న హోరులు కొత్తగా లేస్తాయి, మాకు భరించగలిగేంతే. హోరు మౌంట్ల గుండా బాడీలోకి వస్తుంటే ఇది పనికిరాదు. మూడు సిలిండర్లకైతే చుట్టుకు ఒకటిన్నర ఫైరింగే కాబట్టి, ఇదే ఆర్‌పీఎంలో గొట్టం 80 సెంటీమీటర్లు కావాలి, బానెట్ కింద అంత చోటు దొరకడం కష్టమే.