స్ప్లిటర్‌కు బండ లొంగనప్పుడు: సమస్య – పరిష్కారం

హైడ్రాలిక్ స్ప్లిటర్ అంటే బండలో వేసిన రంధ్రంలోకి రెండు పక్క చీలలను దింపి, వాటి మధ్యకు నూనె ప్రెజర్‌తో నడిమి చీలను తోసి బండను చీల్చే పనిముట్టు. పర్లాకిమిడి, రాయగడ వైపు క్వారీలలో అది బండను చీల్చలేదంటే అందరూ ముందుగా పంపునే అనుమానిస్తారు. నేను చూసినంతలో లోపం ఎక్కువసార్లు రంధ్రంలోనే బయటపడింది. అందువల్ల స్పానర్ పట్టుకునే ముందు రంధ్రాన్ని పరీక్షించాలని గట్టిగా చెబుతాను.

సమస్య: ప్రెజర్ గేజి ముల్లు పూర్తిగా పైకి వెళ్తుంది, బండ మాత్రం చీలదు.

ముల్లు లేచిందంటే పంపు బాగానే ఉన్నట్టు. పర్లాకిమిడి దగ్గర ఒక క్వారీలో ఈ సంగతి గమనించక మేము పంపు విప్పి బిగించడంలోనే ఒక పూటంతా పోగొట్టుకున్నాము. చివరికి రంధ్రంలోకి ఇనుప చువ్వ దింపి చూస్తే, అడుగున జానెడు మందాన రాతి బురద గట్టిపడి ఉంది. నడిమి చీల మొన ఆ అడుగుకు తగిలి ఆగిపోవడంతో, పక్క చీలలను విడదీయవలసిన బలమంతా కిందికే పోయింది. పూర్తిగా దిగిన చీల పొడవు కంటే రంధ్రం లోతు ఎక్కువ ఉండేలా చూసుకుని, కంప్రెసర్ గాలితో బురదను ఊదేయాలి. ఊదేటప్పుడు ముఖానికి మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

లోతు సరిపోయినా చీలకపోతే చీలల గ్రీజు చూడండి. అది ఎండిపోతే బలంలో పెద్ద భాగం రాపిడికే పోతుంది. మాలిబ్డినం కలిసిన గ్రీజు రాసి, ప్రెజర్ నిలిపి కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. చార్నకైట్ వంటి గట్టి రాయి వెంటనే లొంగదు. ముందు లోపల సన్నగా చిటపటమని చప్పుడు వినిపించి, ఆ తరువాతే పైన వెంట్రుకవాసి గీత కనబడుతుంది. అప్పటికీ చీలకపోతే రంధ్రాల మధ్య దూరం తగ్గించాలి, బండ జరగడానికి ఒక పక్క ఖాళీ ఉందో లేదో చూడాలి.

సమస్య: పగులు గీసిన గీత తప్పి పోతుంది.

పక్క చీలలు ఎటు విడిపోతాయో, పగులు దానికి అడ్డంగా నడుస్తుంది. వరుసలో ఒక్క స్ప్లిటర్ తిరిగి ఉన్నా దిమ్మె మూల విరిగిపోతుంది కాబట్టి అన్నిటినీ ఒకే దిశలో నిలిపి, ప్రెజర్ సమానంగా పెంచాలి. తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైట్ అనే రాయిలో పొరలు ఉంటాయి. ఆ పొరలకు ఏటవాలుగా కోయవలసి వస్తే రంధ్రాలను మరింత దగ్గరగా, ఒకదానికొకటి సమాంతరంగా వేయాలి.

సమస్య: ప్రెజర్ ఎక్కదు, లేదా ఎక్కి పడిపోతుంది.

నూనె మట్టం, కప్లర్ (హోసును కలిపే జోడింపు) బిగింపు, నూనెలో చేరిన గాలి, రిలీఫ్ వాల్వులో (ప్రెజర్ హద్దు మీరితే నూనెను వదిలే వాల్వు) చెత్త, ఈ వరుసలో చూడండి. లీకు కోసం హోసును చేత్తో తడమవద్దు, అట్టముక్క వాడండి. సన్నని చిల్లు నుంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

సమస్య: చీల ఇరుక్కుపోయింది.

సుత్తితో కొట్టకండి. ముందు నడిమి చీల వెనక్కి వచ్చేలా కంట్రోల్ వాల్వును తిప్పి చూడండి. రాకపోతే పక్కన మరో రంధ్రం వేసి, రెండో స్ప్లిటర్‌తో బండను విడదీస్తే ఇరుక్కున్న చీల దానంతటదే వదులవుతుంది.