ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ థెరపీ ఎలా మొదలుపెట్టాలి?

నాకు కీళ్ళవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, గంటసేపు పేస్టు మూత కూడా తిప్పలేను. ఇలాంటి ఒంటితో ఆటోలు మారి, హాస్పిటల్ బల్ల మీద రెండు గంటలు కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం నావల్ల కాలేదు. ఇంట్లోంచే ఫోన్‌లో సైకాలజిస్టుతో మాట్లాడటం కుదిరింది. షుగరు, డయాలసిస్, ఆస్తమా, నడుంనొప్పి, ఏది మోస్తున్నవాళ్ళకైనా దారి ఇంచుమించు ఇదే.

థెరపీకి వెళ్తే నొప్పి ఉత్తదే అని ఒప్పుకున్నట్టు అనుకోకండి. వాచిన కీలుకు మందు వాడాల్సిందే. ఆ నొప్పి చుట్టూ పేరుకునే భయానికి, చిరాకుకి, దిగులుకి ఈ మాటలు.

ముందు మీ డాక్టరుకు చెప్పండి

థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా నీరసం, దిగులు రావచ్చు. స్టెరాయిడ్ మాత్రలు కొందరికి నిద్రను, మూడ్‌ను తారుమారు చేస్తాయి. అందుకే "మనసు బాగుండటం లేదు" అని జబ్బు చూసే డాక్టరుకే ముందు చెప్పండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

మనిషిని వెతుక్కోండి

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వారం వారం ఒకే మనిషితో మాట్లాడాలంటే క్లినికల్ సైకాలజిస్టు కావాలి. వాళ్ళను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు. మందులు కావాలంటే సైకియాట్రిస్టు రాస్తారు. ఫీజు ఎంత, ఎన్ని నిమిషాలు, కాల్ మధ్యలో కట్ అయితే ఎలా, ఇవన్నీ డబ్బు పంపకముందే తేల్చుకోండి.

నేను మొదట మాట్లాడిన కౌన్సిలర్ పది నిమిషాల్లోనే "నొప్పి గురించి ఆలోచించడం మానేయండమ్మా, అదే పోతుంది" అన్నారు. ఆ రాత్రంతా ఏడ్చాను. అలాంటి మాట వింటే మనిషిని మార్చండి, థెరపీని వదిలేయకండి. రెండో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీకు ఏ టైములో కాస్త తేలిగ్గా ఉంటుంది? అప్పుడే పెట్టుకుందాం."

టైము, చోటు

ఒంటిని బట్టే టైము పెట్టుకోండి. వారానికోసారి వేసుకునే కీళ్ళవాతం మందు మెథోట్రెక్సేట్ మర్నాడు నన్ను లేవనివ్వదు, అందుకని ఆ రోజు వద్దన్నాను. డయాలసిస్ చేయించుకున్న సాయంత్రం చాలామందికి మాట్లాడే ఓపిక ఉండదు.

చోటు దొరకడమే కష్టం. మన ఇళ్ళలో తలుపేసుకుంటే చాలు, "ఏమైందే?" అని ఎవరో ఒకరు వచ్చి కొడతారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నేను వంటింట్లో బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేదాన్ని. డాబా మీదైనా, ఆపి ఉంచిన కారులోనైనా ఫర్వాలేదు. వీడియో ఇబ్బందైతే మాట చాలని చెప్పండి. మీరు ఉండే అడ్రసు, దగ్గరివాళ్ళ నంబరు మాత్రం సైకాలజిస్టుకు ఇవ్వండి.

మొదటి సెషన్

ఒక కాగితం మీద జబ్బు పేరు, వాడే మందులు రాసుకోండి. దాని కింద, జబ్బు వల్ల మీ చేతిలోంచి జారిపోయిన పని ఒకటి రాయండి. నేను "పాపకు జడ వేయలేకపోతున్నాను" అని రాశాను. ఆ రోజు గంటసేపూ దాని గురించే మాట్లాడుకున్నాం.

దిగులు ఎంత ఉందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు ఇవ్వచ్చు. అందులో నిద్ర, నీరసం, ఆకలి గురించి కూడా అడుగుతారు. అవి జబ్బు వల్లా వస్తాయి కాబట్టి, ఏది ఎప్పటినుంచి ఉందో విడిగా చెప్పండి.

తర్వాతి వారాలు

బాగున్న రోజున ఇల్లంతా దులిపేసి, ఆపైన మూడు రోజులు మంచం దిగకపోవడం నా అలవాటు. మా సైకాలజిస్టు వారం పాటు నోట్‌బుక్‌లో రాయించారు: ఏ పని, ఎంతసేపటికి నొప్పి మొదలైంది అని. కూరగాయలు తరుగుతుంటే ఇరవై నిమిషాలకు వేళ్ళు పట్టేసేవి. అయితే పదిహేనో నిమిషానికే ఆపి, కాసేపు కూర్చోవాలి. ఒళ్ళు బాగున్న రోజు కూడా అంతే. దీన్ని పేసింగ్ అంటారు. వినడానికి చిన్న విషయమే, కానీ పొయ్యి మీద చారు మరుగుతుంటే కత్తి కింద పెట్టి కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. అత్తగారితో ఏమనాలో కూడా సెషన్‌లోనే సాధన చేశాం: "అత్తయ్యా, అలిసిపోయి ఆపలేదు, అలిసిపోకూడదని ఆపాను."

"అందరికీ భారమైపోయాను" లాంటి ఆలోచన వచ్చినప్పుడు అది రాసి, పక్కన ఆ రోజు నిజంగా జరిగింది రాయమంటారు. చేతులు సహకరించకపోతే వాయిస్ రికార్డు చేసి పంపినా సరిపోతుంది. అయిదారు సెషన్ల తర్వాత మార్పేమీ కనిపించకపోతే ఆ మాటే వాళ్ళతో అనండి.

చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం వచ్చే వారం సెషన్ దాకా ఆగొద్దు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవండి, 14416కు చేయండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని హాస్పిటల్‌కు వెంటనే వెళ్ళండి.