టెలిమెట్రీలో 'లీడ్స్ ఆఫ్' ఆగట్లేదా? క్లిప్పు లోపల చూడండి

టెలిమెట్రీ అంటే పేషెంటు ఒంటికి తగిలించిన చిన్న బాక్స్ గుండె గీతను (ఈసీజీ) వైర్‌లెస్‌గా నర్సింగ్ స్టేషన్ స్క్రీన్‌కు పంపడం. బాక్స్ నుంచి ఒంటికి వచ్చే వైర్లే లీడ్లు, వాటి సిగ్నల్ అందకపోతే మోగే అలారం 'లీడ్స్ ఆఫ్'. గీత చదునైతే ముందు చూడాల్సింది పేషెంటును, స్క్రీన్‌ను కాదు. పలకరించండి, నాడి పట్టుకోండి. మనిషి బాగున్నాడని తేలాకే వైర్ల జోలికి వెళ్లండి. అందరికీ తెలిసిన మాటే. అయినా నర్సింగ్ స్టేషన్‌లో కూర్చునే అలారం నొక్కి ఆపేసేవాళ్లు ఉన్నారు కాబట్టి మళ్లీ రాయాల్సి వస్తోంది.

ఒక్క లీడే పోతోంది

ఆ ఎలక్ట్రోడ్, అంటే ఒంటికి అంటించే జెల్ స్టిక్కర్ మార్చండి. కోనసీమ వైపు ఒంటికి కొబ్బరినూనె రాసుకుని వచ్చే పెద్దవాళ్లు ఎక్కువ. ఆ జిడ్డు మీద జిగురు పట్టదు. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే చెమట కూడా తోడవుతుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పొడి గాజుగుడ్డతో కాస్త రుద్ది అంటించండి. వెంట్రుకలు అడ్డుంటే క్లిప్పర్ వాడండి. రేజర్ గాట్లలోంచి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎలక్ట్రోడ్లు కవర్లోంచి తీసి ట్రేలో పోసి ఉంచితే జెల్ ఎండిపోతుంది. కవరు మూతి మడిచి పెట్టండి, అంటించినవి రోజూ మార్చండి.

అన్నీ ఒకేసారి పోయాయి

కుడికాలి లీడ్, అంటే ఆర్‌ఎల్ చూడండి. అదొక్కటి ఊడితే మిగతా నాలుగూ బాగున్నా గీతలు చెడిపోతాయి. రంగులు నమ్మి పెట్టొద్దు, అక్షరాలు చదవండి. అమెరికా పద్ధతి సెట్‌లో ఆర్‌ఎల్ ఆకుపచ్చ, యూరప్ పద్ధతిలో నలుపు. రెండు రకాలూ ఒకే వార్డులో కలిసిపోతుంటాయి.

ఎలక్ట్రోడ్ మార్చినా మళ్లీ అదే అలారం

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మూడుసార్లు ఎలక్ట్రోడ్లు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, చివరికి బాక్స్ పాడైందని బయోమెడికల్‌కు, అంటే ఆసుపత్రి పరికరాలు చూసే విభాగానికి పంపిస్తారు. అక్కడ కొత్త వైర్ల సెట్‌తో చూస్తే బాక్స్ శుభ్రంగా పనిచేస్తుంది.

వైరు చివర బటన్ క్లిప్పును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. స్ప్రింగ్ రింగు చుట్టూ ఆవగింజంత పచ్చటి మచ్చ, లేదా తెల్లటి పొర కనిపిస్తుంది. అది తుడిచేటప్పుడు ఉండిపోయిన బ్లీచింగ్ ద్రావణం చేసిన పని. అందులోని హైపోక్లోరైట్ లోహాన్ని తినేస్తుంది. డెల్టా గాలిలోని తేమకు ఆ మిగులు పూర్తిగా ఆరదు, తినడం ఆగదు. పేషెంటు కదలకుండా పడుకుంటే సిగ్నల్ వస్తుంది, పక్కకు తిరిగితే పోతుంది. అందుకే తప్పు ఎలక్ట్రోడ్ మీదకు పోతుంది.

దీనికి తోడు ద్రావణం కలపడంలో అజాగ్రత్త. 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ.కి 980 మి.లీ. నీళ్లు కలిపితే 0.1 శాతం, 100 మి.లీ.కి 900 కలిపితే 0.5 శాతం. స్టోర్ రూమ్ వేడికి బాటిల్ బలం తగ్గుతుందని తెలిసి కొందరు అందాజుగా రెట్టింపు పోస్తారు. పాత బాటిల్ పారేసి కొత్తది తెచ్చుకోండి, ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి.

నిర్ధారణకు అనుమానం ఉన్న వైర్ల సెట్‌ను బాగా పనిచేసే బాక్స్‌కు తగిలించి, క్లిప్పులను ఒక్కొక్కటే ఊపండి. మల్టీమీటర్‌తో ఒక్కో వైరు నిరోధం కొలిస్తే ఇంకా తేలిక. కొన్ని సెట్లలో రెసిస్టర్ ఉంటుంది కాబట్టి అంకె ఎంతన్నది పట్టించుకోవద్దు. అయిదూ దగ్గరదగ్గరగా ఉన్నాయా, ఊపితే అంకె ఎగిరిపడుతోందా అన్నదే చూడాలి.

మచ్చ పలచగా ఉంటే దూదిపుల్లను 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, పిండి, క్లిప్పు లోపల తిప్పండి. పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితం పెట్టారో, పైపూత పోయి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. స్ప్రింగ్ వదులైతే ఆ వైరు పారేయాల్సిందే.

ఇదంతా చదివి తుడవడం మానేసేవాళ్లూ ఉంటారు. అది ఇంకా ప్రమాదం. ఎంఆర్‌ఎస్‌ఏ, అసినెటోబ్యాక్టర్ లాంటి ఆసుపత్రి క్రిములు పొడి ఉపరితలం మీద కూడా వారాల తరబడి బతుకుతాయి. ఈ వైర్లేమో ఒకరి ఛాతీ మీంచి ఇంకొకరి ఛాతీ మీదకు వెళ్తాయి. రక్తం, జెల్ ఉంటే ముందు సబ్బుగుడ్డతో తీసేయండి, మురికి మీద హైపోక్లోరైట్ సరిగా పనిచేయదు. తర్వాత బాక్స్ మాన్యువల్‌లో చెప్పిన మందుతో, పిండిన గుడ్డతో తుడవండి. లేబుల్ మీద రాసినంతసేపు తడిగా ఉంచండి. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడిచి, క్లిప్పులు కిందికి వేలాడేలా ఆరబెట్టండి. అందరూ ఎగ్గొట్టేది ఈ మంచినీళ్ల గుడ్డనే. బాక్స్ పెట్టుకునే గుడ్డ పౌచ్ మాత్రం ఒక పేషెంటుకే.

మిగతావి

వరండా చివరో, లిఫ్ట్ దగ్గరో మాత్రమే సిగ్నల్ పోతుంటే అక్కడికి యాంటెన్నా అందట్లేదు, రాసిపెట్టి ఐటీకి చెప్పండి. బ్యాటరీ తిరగేసి పెట్టడం నవ్వులాటలా ఉంటుంది గానీ, నైట్ డ్యూటీలో జరుగుతుంది. ఫోన్ల వల్ల అంతరాయం అన్నది ఆఖరున చూసుకోండి. బాక్స్‌లోకి నీళ్లు వెళ్తే బ్యాటరీ తీసి, ఆన్ చేసి చూడకుండా, అలాగే బయోమెడికల్‌కు పంపండి.