మధ్యవర్తిత్వం మనంతట మనమే – 4వ పాఠం: వడ్డీ ఏ తేదీ నుంచి అడగాలి?

పోయిన పాఠంలో క్లెయిమ్ కాగితంలో అసలు ఎంతో తేల్చుకున్నాం. ఈసారి వడ్డీ.

ప్రొద్దుటూరులో వడ్డీ మాట రాగానే "నూటికెంత?" అంటారు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. ఆర్బిట్రేటర్ (మధ్యవర్తిగా తీర్పు చెప్పే మనిషి) ముందు మాత్రం ఏడాది శాతంలోనే రాయాలి. ఇక రేటు బేరమాడటం మనవాళ్లకు ఒకరు నేర్పాలా? చేతులు కాలేది తేదీల దగ్గర.

ఎర్రగుంట్లలో ఒకాయన నాపరాళ్ల పాలిష్ షెడ్డు కట్టించుకున్నాడనుకోండి. కాంట్రాక్టరుకు రావాల్సిన ఫైనల్ బిల్లు 10 లక్షలు. అగ్రిమెంట్ ప్రకారం 2021 ఏప్రిల్ 1కి ఇచ్చేయాలి, ఇవ్వలేదు. ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) వెళ్తున్నానని కాంట్రాక్టరు పంపిన నోటీసు 2022 ఏప్రిల్ 1న అందింది. అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, 2024 ఏప్రిల్ 1న వచ్చింది.

1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలో సెక్షన్ 31(7)(ఎ) ప్రకారం, డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి అవార్డు రోజు దాకా ఆర్బిట్రేటర్ తనకు సబబనిపించిన రేటుకు వడ్డీ వేయవచ్చు. మొత్తం కాలానికి వేయవచ్చు, కొంత కాలానికే వేయవచ్చు. 12 శాతం బారువడ్డీ అయితే మూడేళ్లకు 3,60,000. నోటీసు తేదీ నుంచి అడిగితే 2,40,000 మాత్రమే. నేను రాసిన మొదటి క్లెయిమ్‌లో "తగిన వడ్డీ ఇప్పించగలరు" అని వదిలేశాను. తేదీ లేదు, రేటు లేదు. ఆర్బిట్రేటర్ నోటీసు నుంచే లెక్కగట్టారు, ఏడాది వడ్డీ పోయింది. ఆయన తప్పేం లేదు, అడగనిది నేనే. అందుకే బిల్లు ఇచ్చిన తేదీ, గడువు తేదీ, రేటు, అప్పటిదాకా అయిన మొత్తం, నాలుగూ అంకెల్లో రాయండి.

అయితే ఆ సెక్షన్ "పార్టీలు వేరేగా ఒప్పుకోకపోతే" అన్న మాటతో మొదలవుతుంది. అగ్రిమెంట్‌లో "చెల్లించాల్సిన ఏ మొత్తంపైనా వడ్డీ ఉండదు" అని ఉంటే అవార్డు తేదీ దాకా వడ్డీ మీద ఆశ వదులుకోవాల్సిందే. 1996 చట్టం కింద ఇలాంటి క్లాజుకు ఆర్బిట్రేటర్ కట్టుబడాలని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. సంతకం పెట్టేటప్పుడు రేటు పేజీ పదిసార్లు తిరగేసి, ఈ క్లాజున్న పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ.

అవార్డు తర్వాతి వడ్డీ సంగతి వేరు. అది 31(7)(బి). అక్కడ పార్టీల ఒప్పందం మాట లేదు, "అవార్డు వేరేగా చెప్పకపోతే" అని మాత్రమే ఉంది. అంటే పై క్లాజు ఉన్నా ఈ వడ్డీ అడగవచ్చు. ఆర్బిట్రేటర్ ఏమీ చెప్పకపోతే అవార్డు రోజున నడుస్తున్న రేటు మీద ఇంకో 2 శాతం కలిపి వస్తుంది. నడుస్తున్న రేటంటే షెడ్యూల్డ్ బ్యాంకులు డిపాజిట్ల మీద ఇచ్చే గరిష్ఠ రేటు, అప్పుల మీద వసూలు చేసేది కాదు. 2015 సవరణకు ముందు ఇక్కడ నేరుగా 18 శాతం ఉండేది. పాత పుస్తకం చూసి 18 అని రాసేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.

ఈ వడ్డీ దేని మీద? అసలు 10 లక్షల మీదా, వడ్డీ కలిసిన 13,60,000 మీదా? 2014లో హైదర్ కన్సల్టింగ్ కేసులో సుప్రీంకోర్టు, అవార్డులో కలిపిన వడ్డీ కూడా 31(7)(బి)లో చెప్పిన "మొత్తం"లో భాగమేనంది. 12 శాతానికి ఏడాదికి 1,63,200 వస్తుంది. అసలు మీదే అయితే 1,20,000. అవతలివాళ్లు దీన్ని చక్రవడ్డీ అని గోల చేస్తారు. కంగారు పడకండి, ఆ కేసు పేరు చెప్పండి.

ఇంటిపని: పై అగ్రిమెంట్‌లో "సెక్యూరిటీ డిపాజిట్‌పై వడ్డీ ఉండదు" అని ఒక్క వాక్యమే ఉంది. ఫైనల్ బిల్లు మీద వడ్డీ అడగవచ్చా? క్లాజులో ఉన్న మాటలు మాత్రమే చూసి, ఐదు వాక్యాల్లో మీ క్లెయిమ్ పేరా రాయండి. ఐదో పాఠం దానితోనే మొదలుపెడదాం.